తెప్ప కట్టినట్టు హెలికాప్టరు

మాఘ పూర్ణిమ స్నానాలకని చీరాల బంధువులతో వాడరేవు వెళ్ళాము. స్నానాలు ముగించుకుని, ఇంటి నుంచి తెచ్చిన పులిహోర విప్పేసరికి, ఇసుక కూడా మాతోపాటు పంక్తికి కూర్చున్నది. పంటి కింద కరకరలాడుతున్నా ఎవరూ వదిలిపెట్టలేదు. అంతలో దక్షిణంగా సముద్రం మీదుగా ఒక హెలికాప్టరు పోయింది. ఒడ్డున వున్న జనమంతా తలలెత్తారు. విమానం పోతే తల ఎత్తని వాళ్ళు కూడా హెలికాప్టరు చప్పుడు వినబడితే చూస్తారు. ఎందుకో నాకు తెలియదు.

మా బావగారి మనుమడికి పన్నెండేళ్ళు. వాడు నా మోచెయ్యి పట్టుకుని, "తాతయ్యా, కారు ఎవరైనా కొంటారు గదా, హెలికాప్టరెందుకు కొనరు?" అన్నాడు.

"కొంటే ఎక్కడ దింపుతావురా, మీ నాయనమ్మ వడియాలు పెట్టిన డాబా మీదనా?" అన్నారు బావగారు. అందరూ నవ్వారు. వాడు నవ్వలేదు. వాడడిగింది మంచి ప్రశ్న. దానికి సమాధానం చెప్పడానికి ఈ వారం పేజీ అంతా ఖర్చు పెట్టినా తప్పులేదనిపించింది.

బావగారు కాసేపాగి తమ చిన్ననాటి సంగతి చెప్పారు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన వచ్చినప్పుడు వారిది రేపల్లె తాలూకాలో ఒక పల్లె. దివిసీమలో వేలకు వేల మంది పోయారు. లెక్క పదివేలన్నారు, అంతకు మించి అన్నవాళ్ళూ వున్నారు. బాపట్ల, రేపల్లె ప్రాంతాలనూ ఆ తుఫాను వదలలేదు. బావగారి వూరికి మూడో నాడో నాలుగో నాడో హెలికాప్టరు వచ్చి ఆహారం పొట్లాలు వేసింది. "దేవుడు దిగొచ్చాడనుకున్నామోయ్. ఆ దేవుడి గాలికి మా పాకమీద మిగిలిన తాటాకు కూడా ఎగిరిపోయింది. అయినా దణ్ణం పెట్టాము," అన్నారు.

ఆ మాట అప్పటి నుంచీ నన్ను పట్టుకున్నది. హెలికాప్టరు మనకు ఎప్పుడు కావాలి? రోడ్డు తెగినప్పుడు, వంతెన మునిగినప్పుడు, లంకలో నొప్పులు పడుతున్న ఆడకూతురిని ఆసుపత్రికి చేర్చవలసినప్పుడు. అప్పుడు అది ఎక్కడ వుంటుంది? ఎక్కడో దూరాన, సైన్యం దగ్గర. ఎందుకంటే అది ఖరీదైన వస్తువు. మరి ఖరీదెందుకు? ఇదీ అసలు ప్రశ్న.

విమానానికి రెక్క కదలదు. ముందుకు పరుగెత్తితే చాలు, గాలే దాన్ని ఎత్తుతుంది. హెలికాప్టరుకు రెక్కే తిరగాలి. తిరుగుతున్న ఆ రెక్కల వాలును ప్రతి చుట్టులోనూ ఒకవైపు కొంచెం పెంచి, రెండోవైపు కొంచెం తగ్గించాలి. అప్పుడే ముందుకూ వెనక్కూ పోతుంది. ఈ పని చేసేది ఇరుసు చుట్టూ కూర్చిన రెండు పళ్ళేల వంటి అమరిక. కింది పళ్ళెం తిరగదు, పై పళ్ళెం రెక్కలతో పాటు తిరుగుతుంది. స్వాష్ ప్లేటు అంటారు దీన్ని. ఇంజను వేగాన్ని రెక్కల వేగానికి తగ్గించే పళ్ళచక్రాల పెట్టె వేరే. మొత్తం యంత్రం బొంగరంలా తిరిగిపోకుండా ఆపే తోక చక్రం మరొకటి. వీటిలో ఏ ఒక్కటి విరిగినా రెండోది ఆదుకోదు. అందుకని కీలకమైన చాలా భాగాలకు ఆయుర్దాయం రాసి వుంటుంది. ఇన్ని గంటలు తిరిగితే, బాగున్నా సరే, తీసి పారేయాలి. మన ఇంట్లో సైకిలు గొలుసు తెగేదాకా వాడుకునే అలవాటు ఇక్కడ పనికిరాదు.

చవకగా చేద్దామని గట్టిగా పట్టుబట్టిన మనిషి ఒకాయన అమెరికాలో వుండేవాడు, ఫ్రాంక్ రాబిన్సన్. పెద్ద కంపెనీలలో ఇంజనీరుగా పనిచేస్తూ, ఇద్దరు కూర్చునే చిన్న హెలికాప్టరు చేద్దామని వాళ్ళకు చెప్పి చూశాడు. ఎవరూ వినలేదు. 1973లో ఉద్యోగం మానేసి, ఇంట్లోనే కంపెనీ పెట్టాడు. 1975 ఆగస్టు 28న తాను చేసిన యంత్రాన్ని తానే ఎగరవేశాడు. దాని పేరు ఆర్ 22. ప్రభుత్వ ధ్రువపత్రం వచ్చేసరికి 1979 అయింది. ఆ తరువాత నాలుగు సీట్ల ఆర్ 44, టర్బైను ఇంజనుతో ఐదు సీట్ల ఆర్ 66 వచ్చాయి. ఆర్ 22లు నాలుగు వేలకు పైగా, ఆర్ 44లు ఆరు వేలకు పైగా తయారైనాయి. ఆయన 2022లో పోయాడు.

ఎలా చవక చేశాడో చూడండి. చిన్న విమానాలకు వాడే మామూలు పిస్టను ఇంజనే పెట్టాడు. దాన్ని పూర్తి బలంతో తోలకుండా, కొంత మిగుల్చుకుని నడిపేట్టు కట్టడి చేశాడు. అందుచేత ఎక్కువ కాలం మన్నుతుంది. రెక్కలు రెండే. ఇంజను నుంచి రెక్కల చక్రాల పెట్టెకు శక్తిని తీసుకుపోవడానికి బెల్టులు వేశాడు! తెనాలి వైపు పాత రైసు మిల్లుల్లో పెరిగిన వాళ్ళకు ఇది వింటే నవ్వు వస్తుంది. మిల్లులో బెల్టు జారితే బియ్యం ఆగుతాయి. గాలిలో జారితే సంగతి వేరు. అయినా ఆ బెల్టుల మీదనే వేల యంత్రాలు దశాబ్దాల తరబడి ఎగిరాయి.

అయితే చవకకు కట్టవలసిన పన్ను ఒకటున్నది. తేలికైన ఆ రెండు రెక్కలు ఇంజను ఆగితే తొందరగా వేగం పోగొట్టుకుంటాయి. పైలటు క్షణాల్లో సర్దుకోకపోతే అంతే. ప్రమాదాలు జరిగాయి. 1995లో అమెరికా ప్రభుత్వం ఈ రెండు రకాలు నడిపేవారికి ప్రత్యేక శిక్షణ వుండి తీరాలని నిబంధన పెట్టింది. అంటే, యంత్రంలో మిగిల్చిన డబ్బును మనిషి శిక్షణలో ఖర్చు పెట్టవలసి వచ్చింది.

ఇప్పుడు వెల. ఆర్ 44 ఐదు లక్షల డాలర్ల పైమాటే. మన లెక్కలో నాలుగు కోట్లు దాటుతుంది. కొన్నాక నిశ్చింతగా వుండవచ్చునా? 2,200 గంటలు ఎగిరితే, లేదా 12 ఏళ్ళు గడిస్తే, ఏది ముందైతే అప్పుడు, మొత్తం విప్పి మళ్ళీ కట్టించాలి. షెడ్డులో గుడ్డ కప్పి పెట్టినా పన్నెండో ఏడు వచ్చేస్తుంది. వూరికే కట్టేసినా మేత తినే గేదె వంటిదన్నమాట. మనుమడికి ఈ సంగతి చెబితే, "అయితే అందరూ కలిసి కొనాలి," అన్నాడు. అదీ వాడికి తోచింది. ఆ మాట దగ్గరకు మళ్ళీ వస్తాను.

వాడరేవు ఒడ్డున ఇప్పుడు ఇంజను బిగించిన ఫైబరు పడవలే ఎక్కువ. నా చిన్నతనంలో చూసినవి దుంగల తెప్పలు. నాలుగైదు దుంగలు పక్కపక్కన పేర్చి తాళ్ళతో కట్టేవారు. వేట నుంచి రాగానే తాళ్ళు విప్పి, దుంగలు విడదీసి ఇసుకమీద ఆరబెట్టేవారు. మర్నాడు మళ్ళీ కట్టుకునేవారు. ఒక దుంగ పుచ్చితే ఆ దుంగే మార్చేవారు గాని తెప్ప మార్చేవారు కాదు. మన రైతుల బండీ ఇంతే. అవే చక్రాలు, అదే ఇరుసు, అదే పోలుగర్ర. గడ్డి తోలేటప్పుడు ఒక రూపం. పెరంటాలికి గూడు కట్టి పుట్టింటికి పంపేటప్పుడు ఇంకో రూపం.

ఇంజనీర్లు మాడ్యులర్ అని దేన్నంటున్నారో అది ఇదే. హెలికాప్టరులో ఖరీదైన భాగమంతా పైనా ముందూ వుంటుంది: ఇంజను, చక్రాల పెట్టె, రెక్కలు, పైలటు గది. వెనకవున్న గది రేకు పెట్టె మాత్రమే. ఆ పెట్టె మాత్రం మార్చుకుంటే ఒక్క యంత్రమే నాలుగు పనులు చేయదా?

రష్యాలో కామొవ్ సంస్థ వాళ్ళు దీన్ని చేసి చూపించారు. కెఎ 26 అనే హెలికాప్టరు 1965లో మొదటిసారి ఎగిరింది. దానికి తోక చక్రం లేదు. ఒకదానిపై ఒకటిగా రెండు పెద్ద చక్రాలు ఎదురెదురు దిక్కుల్లో తిరుగుతాయి, ఒకటి తిప్పబోతే రెండోది ఆపుతుంది. పైలటు గది వెనక ఖాళీ. ఆ ఖాళీలో ఆరుగురు కూర్చునే గది తగిలించవచ్చు. అది తీసేసి పంటలకు మందు చల్లే తొట్టి తగిలించవచ్చు. అదీ తీసేసి వుత్త బల్ల మీద సామాను మోయవచ్చు. పొద్దున పొలానికి మందు కొట్టి, మధ్యాహ్నం రోగిని మోసేందుకు సిద్ధమయ్యే యంత్రం! హంగరీలో పొలాల మీద ఇది చాలా కాలం పని చేసింది.

ఇంత మంచి ఆలోచనను ప్రపంచమంతా ఎందుకు అందుకోలేదని అడగవచ్చు. కారణాలున్నవి. అతుకు వేసిన ప్రతిచోటా బోల్టులూ బిగింపులూ కావాలి, వాటికి బరువున్నది. గాలిలో ఒక కిలో బోల్టు అంటే ఒక కిలో బియ్యం తగ్గినట్టే. రెండోది తూకం. హెలికాప్టరు తన రెక్కల ఇరుసుకు వేలాడే వస్తువు, కావడి వంటిది. పెట్టె మార్చితే ఒక కుండ బరువెక్కుతుంది. తూకం తప్పితే మనిషి బలంతో సర్దలేము. అందుచేత తొట్టితో ఒకసారి, గదితో ఒకసారి, బల్లతో ఒకసారి, ప్రతి రూపాన్నీ విడివిడిగా పరీక్షించి ధ్రువపత్రం ఇవ్వాలి. ఆ పరీక్షల ఖర్చు కొన్ని వందల యంత్రాల మీద పంచుకుంటేనే ఒక్కోదానికి తగ్గుతుంది. కొద్దిగా చేస్తే ఖరీదు, ఖరీదైతే కొనేవాళ్ళు కొద్ది. ఈ గానుగ చుట్టూ ఎద్దులా తిరిగిన కంపెనీలు చాలా వున్నాయి.

ఆ కెఎ 26 వంశంలోదే కెఎ 226టి. దాన్ని మన దేశంలో తయారు చేయాలని 2015లో రష్యాతో ఒప్పందం జరిగింది. మొత్తం 200, అందులో 140 కర్ణాటకలోని తుమకూరులో కట్టాలని అనుకున్నారు. వెల దగ్గరా, ఎంత భాగం ఇక్కడ చేయాలనే దగ్గరా పేచీ వచ్చి ముందుకు సాగలేదు.

మనవాళ్ళు ఇంకో దారి పట్టారు. పెట్టెలు మార్చడం కాదు, ఒకే పేగు పంచుకున్న అన్నదమ్ముల్లా యంత్రాలను కట్టడం. 1962లో ఫ్రాన్సుతో ఒప్పందం చేసుకుని హిందుస్థాన్ ఏరోనాటిక్స్ వారు బెంగుళూరులో చేతక్ హెలికాప్టర్లు చేయడం మొదలుపెట్టారు. తరువాత చీతా వచ్చింది. హిమాలయాల మీద మన జవాన్లకు దశాబ్దాలపాటు ఉప్పూ పప్పూ మోసింది అదే. సొంతంగా రూపకల్పన చేసిన ధ్రువ్ 1992 ఆగస్టు 20న ఎగిరింది. దానికి ఆయుధాలు తగిలిస్తే రుద్ర. అదే ఇంజన్లు, అదే రెక్కల అమరిక తీసుకుని, ఇద్దరు మాత్రమే ఒకరి వెనక ఒకరు కూర్చునేట్టు సన్నగా కడితే ప్రచండ్. అది 2010 మార్చి 29న ఎగిరి, 2022 అక్టోబరులో వైమానిక దళంలో చేరింది. ఆ శక్తి ఇంజనుకే సోదర రూపం ఒక్కటి పెట్టి, మూడు టన్నుల పైచిలుకు బరువుతో చేసినది తేలికపాటి రకం, ఎల్‌యుహెచ్. 2016 సెప్టెంబరు 6న ఎగిరింది. మొదటి 12కి 2021 నవంబరులో అనుమతి వచ్చింది. 2023 ఫిబ్రవరి 6న తుమకూరు ఫ్యాక్టరీ ప్రారంభమైంది ప్రధానంగా దీని కోసమే.

ఒకే కుటుంబమైతే లాభమేమిటి? మరమ్మతు నేర్చినవాడు నాలుగు రకాలకూ పనికివస్తాడు. విడిభాగాల గోదాము ఒక్కటే చాలు. పెద్దవాడి చొక్కా చిన్నవాడికి సరిపోతుంది.

నష్టం కూడా ఆ చొక్కాలోనే వున్నది. 2025 జనవరి 5న గుజరాత్‌లోని పోర్‌బందర్‌లో తీరరక్షక దళం ధ్రువ్ ఒకటి కూలి ముగ్గురు చనిపోయారు. నేను పైన చెప్పిన ఆ స్వాష్ ప్లేటు పగిలిందని తేలింది. ఆ ఒక్క పళ్ళెం కారణంగా దేశంలోని ధ్రువ్‌లన్నీ, 330 దాకా, కదలకుండా కూర్చున్నాయి. సైన్యానికీ వైమానిక దళానికీ మళ్ళీ ఎగరడానికి అనుమతి వచ్చేసరికి మే నెల. ఆ నాలుగు నెలల్లో కొండల మీద ఎవరికి జబ్బు చేసినా, ఎక్కడ వరదొచ్చినా, ఇంటిల్లిపాదీ ఒకేసారి మంచమెక్కిన సంసారం పరిస్థితే. కాబట్టి కుటుంబం కట్టేవాళ్ళు, అందరూ ఆధారపడే ఆ ఒక్క భాగాన్ని మిగతావాటికంటే పదిరెట్లు పరీక్షించాలి. అక్కడ పొదుపు చేయకూడదు.

చవక అంటే కొన్న రోజు ధర కాదని నేర్పిన పాఠం ఇంకొకటి మనకున్నది. 1985లో పుట్టిన ప్రభుత్వ హెలికాప్టరు సంస్థ, తరువాత పవన్‌హంస్ అని పేరు వచ్చింది, బ్రిటను ఇచ్చిన సహాయం డబ్బుతో వెస్ట్‌లాండ్ 30 అనే హెలికాప్టర్లు 21 తీసుకున్నది. మన ఖజానా నుంచి పెద్దగా ఖర్చు లేదు గదా అనుకున్నారు. 1988లో ఒకటి, 1989లో ఒకటి కూలాయి. 1991 నాటికి అన్నిటినీ మూలపెట్టారు. ఇంగ్లీషు వాళ్ళు తమ దేశంలో కూడా అంతగా అమ్ముకోలేని వస్తువది. దానంగా వచ్చిన ఆవు పళ్ళు లెక్కపెట్టకూడదని మన పెద్దలు మొహమాటపడేవారు గాని, ఈ విషయంలో లెక్కపెట్టి వుండవలసింది.

ఆంధ్రులకు హెలికాప్టరంటే కొంత బెదురు కూడా లేకపోలేదు. 2002 మార్చి 3న కైకలూరు దగ్గర లోక్‌సభ స్పీకరు బాలయోగిగారు, 2009 సెప్టెంబరు 2న నల్లమలలో ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డిగారు హెలికాప్టరు ప్రమాదాల్లోనే పోయారు. మా ఇంటి ఆడవాళ్ళు ఈ సంభాషణ అంతా విని చివరకు అన్నమాట అదే: "ఎంత చవకైనా మాకు వద్దు." కాదనడానికి నాకు నోరు రాలేదు. అయితే పడవ మునుగుతుందని వేట మానని వూరి ఒడ్డున కూర్చునే ఆ మాట అన్నారు.

ఇకపోతే మనుమడి మాట. అందరూ కలిసి కొనడం. 2005 ఆగస్టు 15న మన రాష్ట్రంలో 108 బండ్లు మొదలైనప్పుడు, ఫోను చేస్తే ఇంటికి అంబులెన్సు వస్తుందంటే నమ్మినవాళ్ళు కొద్దిమంది. ఈనాడు అది రాకపోతే తిడుతున్నాము. వాడరేవు నుంచి గుంటూరుకు కాకి ఎగిరే దారిన అరవై కిలోమీటర్ల లోపే. గంటకు 200 కిలోమీటర్లు పోయే చిన్న హెలికాప్టరుకు ఇరవై నిమిషాలు చాలు. ప్రకాశం, బాపట్ల, గుంటూరు, కృష్ణా జిల్లాలు నాలుగూ కలిసి రెండు తేలిక హెలికాప్టర్లు పెట్టుకుని, స్ట్రెచరు గది ఒకటి, సామాను బల్ల ఒకటి షెడ్డులో వుంచుకుంటే, రెండో హెలికాప్టరు మరమ్మతులో వున్నా మొదటిది మిగులుతుంది. ఒక లెక్క చూడండి. 2025 మార్చిలో 156 ప్రచండ్‌లకు కుదిరిన ఒప్పందం విలువ, శిక్షణా సామగ్రీ కలిపి, 62,700 కోట్లు. ఒక్కోదాని వంతుకు నాలుగు వందల కోట్లు పడుతుంది. యుద్ధయంత్రంతో పోల్చడం న్యాయం కాదనుకోండి. అయినా ఆ ఒక్కదాని వెలలో పదోవంతుతో మన నాలుగు జిల్లాల ముచ్చట యంత్రాల వరకు తీరేట్టే వున్నది. నెలనెలా జీతాలూ మరమ్మతులూ వేరే సంగతి. అసలు కష్టం అక్కడే.

ఒక్కటి మాత్రం దాచకూడదు. తుఫాను వీచేటప్పుడు ఏ హెలికాప్టరూ ఎగరదు, ఎంత పెద్దదైనా. 2023 డిసెంబరు 5న మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటిన పూట, మనుషుల్ని కాపాడింది ముందుగా చేసిన హెచ్చరికలూ, తుఫాను భవనాలే. హెలికాప్టరు పని గాలి తగ్గాకనే మొదలవుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు పొట్లాలు వేసినవీ అలా వచ్చినవే, సైన్యానివి.

దిగేచోటు సంగతి బావగారు వడియాల డాబాతో తేల్చేశారు గాని, అదీ ఆలోచించవలసినదే. కొరిశపాడు దగ్గర జాతీయ రహదారిని విమానాలు అత్యవసరంగా దిగేందుకు వీలుగా వెడల్పు చేశారు. 2022 డిసెంబరులోనూ, 2024 మార్చిలోనూ వైమానిక దళం వారు విమానాలతో పరీక్షించి చూశారు. హెలికాప్టరుకు అంత రోడ్డు అక్కరలేదు. చుట్టూ కొబ్బరిచెట్లూ కరెంటు తీగలూ లేని బడి ఆటస్థలం చాలు. తీరం వెంట ప్రతి తుఫాను భవనం పక్కనా అటువంటి చోటొకటి ఖాళీగా వుంచి, సున్నంతో వలయం గీయించడానికి కోట్లు పట్టవు. మేము తిరిగి వచ్చేటప్పుడు మనుమడు కారు కిటికీలోంచి చూస్తూ, ఏ బడి దగ్గర దిగవచ్చో, ఎక్కడ తీగలు అడ్డం వస్తాయో చీరాలదాకా లెక్కపెడుతూనే వున్నాడు. మూడు చోట్లు దొరికాయట. నాలుగోదానిలో ఎవరో గడ్డివాము వేశారు.